తూముకు దూరంగా ఉన్న మడి

హైదరాబాద్

చిరంజీవి అమ్మడికి, నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వరి సాగు పదికాలాలు నిలవాలంటే ఏ పరిశోధనలకు ముందు డబ్బు పెట్టాలో తేల్చే బృందంలో నిన్ను కూడా వేశారని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. రాజేంద్రనగర్ వరి పరిశోధన మళ్లలో బురదలో చెప్పు పోగొట్టుకుని ఏడ్చిన పిల్ల ఇప్పుడు ఆ మళ్లలో ఏ పని ముందు జరగాలో చెప్పబోతోందని ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను గానీ, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పాత నివేదికలు చదవాలనీ, ఖర్చు లెక్క చూసుకోవాలనీ, ముప్పై అంశాలు రాస్తే ఒక్కటీ రాయనట్టేననీ నీకు వేరే చెప్పనక్కరలేదు.

నీటి పొదుపును నువ్వు మొదటి వరుసలో పెడతావని నాకు తెలుసు. పెట్టాల్సిందే. ఎప్పుడూ నీరు నిలిచిన మడిలో, గాలి అందని మట్టిలో బతికే సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్‌ను పుట్టిస్తాయి గనుక, మధ్యమధ్య ఆరబెడితే నీరు మిగలడమే కాక ఆ వాయువు కూడా దాదాపు సగం వరకు తగ్గుతుంది. ఈ తడి పొడి పద్ధతిని నేనూ నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగినవాడినే. అందులో నేను చేసిన తప్పు మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

దాదాపు ఇరవై ఏళ్ల కిందటి యాసంగిలో, ఒక చెరువు ఆయకట్టులో పన్నెండు మంది రైతుల మళ్లలో చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గొట్టాలు పాతించాను. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. పూత సమయంలో మాత్రం మడి ఆరకూడదు. మా ప్రయోగ క్షేత్రంలో బోరు మా చేతిలో ఉండేది గనుక నా లెక్క ఎక్కడా తప్పలేదు. చెరువు కింద నీరు రైతు చేతిలో ఉండదనీ, అది తూము తెరిచే నీరటి చేతిలో, పై మళ్ల వాళ్ల దయలో, యాసంగిలో చెరువు నీటిని పంచే తైబంది వంతులో ఉంటుందనీ నాకు తెలియక కాదు. అది నా శాస్త్రానికి సంబంధించిన సంగతి కాదనుకున్నాను. కాలువ చివర ఎకరం పొలమున్న ఒక రైతు నా మాట నమ్మి మడి ఆరబెట్టాడు. పంట పొట్ట మీదున్నప్పుడు, అతని వంతు రోజున పై వాళ్లు గండి కొట్టి నీరు మళ్లించుకున్నారు. మళ్లీ అతని మడికి నీరు అందడానికి పదకొండు రోజులు పట్టింది. అన్నేళ్లూ అతను మడి నిండా నీరు నిలుపుకున్నది ఆశకొద్దీ కాదనీ, రేపు నీరు రాకపోతే ఎలా అన్న భయం కొద్దీననీ నాకు అప్పుడు అర్థమైంది. వెన్నులు తెల్లబారాయి, నూర్చితే సగం తాలే. అతను నన్ను తిట్టలేదు. "సారూ, మీ గొట్టం తీసుకపోండ్రి" అన్నాడు.

తప్పు అక్కడితో ఆగితే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు. నివేదిక రాసేటప్పుడు, నీరు పెట్టే నియమం పాటించలేదన్న సాకుతో ఆ మడిని లెక్కలోంచి తీసేశాను. మిగిలిన పదకొండు మళ్ల సగటు ముచ్చటగా వచ్చింది. ఆ సగటు చూసి మరుసటి ఏడు మరిన్ని గొట్టాలకు డబ్బు ఇచ్చారు. వంతుల మీద, తూముల మీద పని చేయడానికి పైసా రాలేదు, నేను అడిగితే గదా రావడానికి! ఆ రైతుకు తర్వాతి కారుకు విత్తనం కొనిచ్చాను, దాన్ని పరిహారమని ఇప్పటికీ అనుకోలేను.

అందుకని చెరువు కింది వరినీ, కాలువ కింది వరినీ, బోరు కింది వరినీ ఒకే వరుసలో రాయకు. బోరున్న రైతుకు 2018 జనవరి నుంచి ఇక్కడ 24 గంటల ఉచిత కరెంటు ఉంది గనుక, నీరు పొదుపు చేస్తే అతనికి దక్కేదేమిటో కూడా పరిశోధించమని అడుగు. మడి ఆరుతూ తడుస్తూ ఉంటే యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు, అదీ భూమిని వేడెక్కించేదే, కాబట్టి మీథేన్ ఒక్కటే కొలిచి సంబరపడే ప్రతిపాదనను వెనక్కి పంపు.

నాట్లకు మనుషులు దొరకని రోజుల్లో వెదజల్లే సాగు తప్పదు. అయితే నీరు నిలవని మడిలో ఊద గడ్డి వరితో పోటీపడి లేస్తుంది, ఏటా ఒకే కలుపు మందు కొడితే దానికి లొంగని ఊద తయారవుతుంది. లేత నారును దూరం దూరంగా నాటే శ్రీ సాగులో, కలుపు తీసే కోనో వీడర్ అనే చేతి యంత్రాన్ని తోసి తోసి భుజాలు పడిపోయిన ఆడవాళ్లను మేము ముందుగా ఒక్క మాట అడగలేదు. నువ్వు అడుగు.

రకాల విషయంలో నీకు కొత్త పేర్ల మోజు ఎక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబా మసూరిని జనం వదలలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి, గింజ గుణం చెడకుండా, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి 2008లో దాన్నే మళ్లీ ఇచ్చారు. అలాంటి ఓపికైన పనికి నీ జాబితాలో చోటుండాలి.

మందు కొట్టిన చేలోకి వట్టి కాళ్లతో దిగకు తల్లీ. చిత్తుప్రతి పైవాళ్లకు పంపే ముందు నాకొకటి పంపు, కాస్త పెద్ద అక్షరాల్లో. లెక్కలోంచి తీసేసిన మళ్లేమైనా ఉంటే వాటిని వేరే కాగితం మీద రాసి దానికి జత చెయ్యి, ముందు అదే చదువుతాను.

నీ పెదనాన్న