మన ముంగిస అక్కడెందుకు చేటయ్యింది?

ప్రశ్న: ముంగిస ఎదురొస్తే మంచి శకునం అనుకుంటాం. మా చెరకు చేలో తిరుగుతుంటే పాములు, ఎలుకలు తగ్గుతాయని మా నాన్న దాని జోలికి ఎవర్నీ పోనివ్వడు. అలాంటిది జపాన్‌లో ఏరి ఏరి పట్టి చంపేశారంట, ఇదేటండీ? ఇంకోటి, మా బీచ్‌లో తాబేలు గుడ్లని ఊరకుక్కలు తవ్వి తినేస్తన్నాయి, అదీ ఇలాంటిదేనా?
– ఓ పాఠకుడు, భావనపాడు

జవాబు: మీరు విన్నది నిజమే, మీ నాన్నగారు చెప్పేదాంట్లోనూ నిజముంది. ఇక్కడ ముంగిస, పాము, ఎలుక, పిట్ట వేల ఏళ్లుగా కలిసి బతుకుతున్నవి, ఎవరి నుంచి ఎలా తప్పించుకోవాలో వాటికి తెలుసు. దీవుల్లో పిట్టలకి ఆ భయమే తెలీదు. 1872లో కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని జమైకా పట్టుకెళ్లారు, మీ చేలో లాగే చెరకు తోటల్లో ఎలుకల కోసమే, 1883లో అక్కణ్నుంచి హవాయికి. ఎలుకలేమో ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, ముంగిస పగలు తిరుగుద్ది, ఇంక రెండూ ఎదురుపడేది తక్కువే కదా? దాంతో నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్ల మీద పడింది. జపాన్ అమామి ఓషిమా దీవిలోనూ ఇదే కథ. 1979లో హబు అనే విషప్పాముల కోసం ఓ 30 ముంగిసల్ని వదిలారు, ఆ పాములూ రాత్రి తిరిగేవే, చివరికి బలైంది అక్కడి నల్ల కుందేళ్లు, అవి ప్రపంచం మొత్తమ్మీద రెండే రెండు దీవుల్లో ఉన్నాయి! ఏళ్ల తరబడి బోన్లు పెట్టి, కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చి వెతికించి, 2024 సెప్టెంబర్‌లో ఇక ఒక్కటీ లేదని ప్రకటించారు. ముంగిస చేసిన తప్పేం లేదండీ, పట్టుకెళ్లినోళ్లదే తప్పంతా.

కుక్కల సంగతికొస్తే, అవీ మనిషి వెంట వచ్చినవే. నక్కలు ఎప్పట్నుంచో ఆ గుడ్లు తింటూనే ఉన్నాయి కానీ కుక్కల మందని పెంచుతున్నది మనం ఒడ్డున పారేసే చేప తలకాయలు, చెత్త. బారువ ఒడ్డున ఓ పొద్దున్న తవ్వేసిన గూడు చూశాను, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు, పెంకు మెత్తన కదా, చింపేసిన కాయితాల్లా ముడుచుకుపోయి ఇసకలో పడున్నాయి, చుట్టూ కుక్క అడుగులే. ఒక్క తాబేలు ఒక విడతకి వంద దాకా పెడుతుంది, అన్నీ పోయాయి, నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

జనవరి నుంచి మార్చి దాకా గూడు కనబడితే మీరు గుడ్లు కదపకండి, చోటు గుర్తుపెట్టుకుని వెంటనే ఫారెస్టు వాళ్లకి చెప్పండి, పొద్దెక్కకముందే అయితే హేచరీకి, అంటే గుడ్లని కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటుకి, మార్చడానికి వీలుంటుంది.