పురుగుమందు ఖాళీ డబ్బాలను పాత సామాన్లవారికి అమ్మవచ్చా, కాల్చవచ్చా?

విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర మీ కూరగాయల తోటలో పురుగుమందు ఖాళీ డబ్బాలు గోనెసంచి నిండా పోగుపడ్డాయని, వాటిని పాత సామాన్లవారికి అమ్మాలో కాల్చివేయాలో తెలియడం లేదని అడిగారు. దయచేసి రెండూ చేయకండి. కాల్చితే వచ్చే విషపు పొగను ముందుగా పీల్చేది మీ ఇంటివారే. అమ్మితే ఆ డబ్బా చివరికి ఎవరి వంటింటికి చేరుతుందో చెప్పలేము. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షలలో తేలింది. ఆ నూనెను పురుగుమందు డబ్బాలో నిలవ ఉంచి ఉంటారని అప్పట్లో అధికారులు చెప్పారు.

మేము పద్మనాభం వైపు వంగ, బెండ, బంతి వేస్తాము. మా అనుభవంలో డబ్బా కడగవలసిన సమయం మందు కలిపే సమయమే. సాయంత్రం కడుగుదామని గట్టున వదిలేస్తే లోపలి మందు ఎండి గోడలకు అంటుకుపోతుంది, తరువాత ఎంత కడిగినా వదలదు. మందును ట్యాంకులో వంచాక చుక్కలు ఆగేవరకు డబ్బాను బోర్లించి పట్టుకోవాలి. తరువాత పావు వంతు మంచినీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం బాగా ఆడించి, ఆ నీళ్లను కూడా ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. నూనెరకం మందులకు మొదటి నీళ్లు పాలలా తెల్లగా వస్తాయి, మూడోసారికి దాదాపు తేటగా ఉంటాయి. పెద్ద డబ్బాల బోలు పిడిలోను, మూత మరలలోను మందు దాగి ఉంటుంది కాబట్టి వాటిని ప్రత్యేకంగా చూడండి. కడిగిన నీళ్లు ట్యాంకులోకే వెళ్తాయి కనుక కొన్న మందు చుక్క కూడా వృథా కాదు, గెడ్డలోకీ బావిలోకీ చేరదు. ఇదంతా చేతి తొడుగులతోనే చేయాలి.

కడిగిన వెంటనే డబ్బా అడుగున మేకుతో రెండు మూడు చోట్ల పొడవండి. కన్నం పడిన డబ్బాలో ఎవరూ నూనె పోయరు, నకిలీ మందు నింపి అమ్మలేరు.

1971 నాటి కీటకనాశినుల నిబంధనలు ఖాళీ డబ్బాలను పగలగొట్టి నివాసాలకు దూరంగా పాతిపెట్టమంటాయి. కానీ బావులు, గెడ్డలు దగ్గరగా ఉన్న మన పొలాలలో ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం తమ ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను సేకరించే బాధ్యత కంపెనీలకు ఉన్నది కాబట్టి, కొన్న దుకాణదారునే మొదట గట్టిగా అడగాలి. బ్రెజిల్‌లో ఖాళీ డబ్బాలను తిరిగి ఇవ్వడం చట్టప్రకారం రైతు విధి, వాటిని తీసుకోవడం అమ్మకందారుల, కంపెనీల విధి; అక్కడ సేకరించిన ప్లాస్టిక్‌తో పైపుల వంటి, ఆహారంతో సంబంధం లేని వస్తువులు చేస్తారు. ఇక పరవాడ ఫార్మా సిటీలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం పరిశ్రమల కోసం ఏర్పడినది, ఒక్కొక్క రైతు సంచి మోసుకొని వెళ్లే చోటు కాదు. అందుకే ఊరి రైతులందరూ కలిసి రైతు సేవా కేంద్రంలో ఒకే అర్జీ ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

మీ సంచిలో ఇప్పటికే ఎండిపోయిన డబ్బాలను మాత్రం గెడ్డలో కడగవద్దు. మూతలు బిగించి, సంచి కట్టివేసి, ఇంటికీ పశువుల పాకకూ దూరంగా వాన తగలని చోట తాళం వేసి ఉంచి, ఏయే మందుల డబ్బాలో కాగితంపై రాసి ఆ అర్జీతో జతచేయండి.