పెరటి ప్రశ్నలు: నూరువరహాలు

ప్రశ్న: మేడ మీద కుండీలో ఎర్ర నూరువరహాలు ఉంది. బోరునీళ్ళు పోస్తాను. గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద తప్పకుండా వేస్తాను. అయినా లేతాకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఏ ఎరువు తక్కువైంది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎరువు తక్కువ కాలేదు, సున్నం ఎక్కువైంది. ఇది ఇనుపధాతు లోపం. ఇనుము ముదురాకుల నుంచి చిగుళ్ళకు కదలదు కాబట్టి లోపం ముందు లేతాకుల్లోనే బయటపడుతుంది. ముదురాకులు ముందుగా పసుపైతే నత్రజనినో మెగ్నీషియాన్నో అనుమానించాలి.

నూరువరహాలకు కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. పి.హెచ్. (మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) 5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. 7 దాటిందంటే మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు. బోరునీళ్ళు, పెంకులు, బూడిద మూడూ పి.హెచ్.ను పెంచేవే. పెంకులు, బూడిద ఇవాళే ఆపేయండి. సున్నం వేసిన గోడ పక్కన, కొత్తగా సిమెంటు పని జరిగిన చోట నేలలో నాటినా ఇదే గతి.

ఎండిన మట్టి గుప్పెడు తీసి వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుస పొంగితే సున్నం బాగా ఉన్నట్టే. అలాంటి మట్టిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుము ఉప్పు) కలిపినా వెంటనే కరగని రూపంలోకి మారిపోతుంది, డబ్బు దండగ. ఆకుల మీద పిచికారీ చేయాలి. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం), తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి, అప్పటికప్పుడు సాయంత్రం పూట ఆకుల రెండు వైపులా తడిసేలా కొట్టండి. పది రోజుల ఎడంతో మూడుసార్లు చాలు. ద్రావణం తుప్పు రంగుకు మారితే పారబోయండి, అది పనిచేయదు. గోడకు, గచ్చుకు తగిలితే మరక పోదు, జాగ్రత్త. గుణం కొత్త చిగుళ్ళలో చూడాలి. బాగా పాలిపోయిన పాత ఆకులు మళ్ళీ పచ్చబడకపోవచ్చు.

పిచికారీ తాత్కాలికమే. వానలు మొదలవగానే రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు చివికిన ఆకుల ఎరువు కలిపి కుండీ మార్చండి. వాననీరు, ఏసీ నుంచి కారే నీరు పోయవచ్చు. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం వద్దు, అందులో ఉప్పులు ఇంకా చిక్కబడి ఉంటాయి.

ప్రశ్న: తోటలో తెల్లపూల గుత్తులతో ఒక పొద ఉంది. తెల్ల నూరువరహాలా, అడవి పాపిడా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ కాఫీ కుటుంబానివే. ఎదురెదురు ఆకులు, ఆ ఆకుల కాడల మధ్య కొమ్మకు అతుక్కున్న చిన్న మొనదేలిన పొర, సన్నని గొట్టం చివర నాలుగు రేకులు రెంటికీ ఉంటాయి. కాబట్టి కీలాన్ని, అంటే పువ్వు నడుమ నుంచి వచ్చే సన్నని కాడను చూడండి. పాపిడి పువ్వులో అది రేకులను దాటి సూదిలా చాలా పొడవుగా బయటికి వస్తుంది, కొన చీలదు. నూరువరహాల్లో కొద్దిగానే బయటికి వచ్చి, కొన రెండుగా చీలుతుంది. పాపిడి ఆకును వెలుగుకు పట్టి చూస్తే నల్లని చుక్కలు కూడా కనబడతాయి. అవి తెగులు కాదు, ఆకులో కాపురముండే బాక్టీరియా గూళ్ళు. మందు కొట్టకండి. రేకులు అయిదుంటే మాత్రం అది ఈ రెండూ కాదు.

ప్రశ్న: గేటు పక్కన కంచెగా వేశాం. మాలి నెలనెలా సమంగా కత్తిరిస్తాడు. గుబురుగా ఉంది కానీ పూలే లేవు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కత్తిరే కారణం. ఈ మొక్కకు పూగుత్తి కొమ్మ చివరే వస్తుంది. నెలనెలా చివరలు తీసేస్తే మొగ్గకు చోటేది? ఒక విడత పూత అయ్యాక ఒకసారి కత్తిరించి వదిలేయండి. రోజుకు అయిదారు గంటల ఎండ కూడా తగలాలి.

ప్రశ్న: కొమ్మ నాటితే కుళ్ళిపోతోంది. ఎలా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మరీ లేత కొమ్మ కుళ్ళుతుంది, బాగా ముదిరింది వేరు పట్టదు. పెన్సిలంత లావున్న, సగం ముదిరిన పూలు లేని కొమ్మను 12 సెంటీమీటర్లు కోసి, పైన రెండాకులు సగానికి కత్తిరించి ఉంచండి. ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపి నాటి, పైన పాలిథిన్ సంచి కప్పి నీడలో పెట్టండి. తడి ఉండాలి, నీరు నిలవకూడదు. వానాకాలంలో నాలుగు నుంచి ఆరు వారాలకు వేళ్ళొస్తాయి. ముందే చిగురు వేసిందని పీకి చూస్తే లేత వేళ్ళు తెగుతాయి.