1960ల నాటి డ్రాగ్ రేసు కార్లంటే అమెరికన్లకు ఇప్పటికీ అంత మోజు ఎందుకు?

డ్రాగ్ రేసు అంటే రెండు కార్లు పక్కపక్కన నిలిచి, తిన్నని దారిలో పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఏది ముందు దాటుతుందో తేల్చుకునే పోటీ. 1960లలో ఆ పోటీ కారుకూ షోరూమ్‌లో అమ్మే కారుకూ మధ్య తేడా తక్కువగా ఉండటమే ఈ మోజుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. పాంటియాక్ సంస్థ 1964 మోడల్‌గా, మధ్యస్థాయి కారులో 6.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ బిగించి జీటీవో పేరుతో అమ్మింది. వారమంతా దానిలో పనికి వెళ్లే కుర్రవాడు సెలవు రోజున అదే కారుతో రేసులో దిగగలిగేవాడు.

డ్రాగ్ రేసు కోసమే తయారుచేసిన బండ్లు, అంటే అసలు సిసలు డ్రాగ్‌స్టర్ల సంగతి వేరు. వాటిలో నైట్రోమీథేన్ అనే ఇంధనంతో నడిచే ఇంజిన్ ముందు ఉంటే, డ్రైవరు వెనుక ఇరుసుకు కూడా వెనకాల కూర్చునేవాడు కాబట్టి, ఇంజిన్ పగిలిందంటే కాగిన నూనె నేరుగా అతని ముఖం మీదికే చిమ్మేది. డ్రాగ్ రేసు డ్రైవరు డాన్ గార్లిట్స్ 1964లో గంటకు 200 మైళ్ల వేగం దాటింది అలాంటి బండితోనే. 1970 నాటి ప్రమాదంలో పాదంలో కొంత భాగం పోగొట్టుకున్నాక ఆయన ఇంజిన్‌ను డ్రైవరు వెనక్కి మార్చాడు (ఆ తర్వాత మిగతావారూ అదే బాట పట్టారు).

బీమా ఖర్చులు, పొగ నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి జీటీవో తరహా కార్లను షోరూమ్‌ల నుంచి దాదాపుగా తప్పించాయి.