ఫోన్ మోగగానే పెరట్లోకి ఎందుకెళ్తున్నాడు?

ప్రశ్న: మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. 2021 చివర్లో పద్నాలుగేళ్ల అఫ్గాన్ అబ్బాయిని ఫోస్టర్ కేర్ (కన్నవాళ్లు దగ్గర లేని పిల్లల్ని ప్రభుత్వం తరఫున ఇంట్లో పెంచడం) కింద ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు వాడికి పద్దెనిమిది. తండ్రి లేడు. నిరుడు రెడ్‌క్రాస్ ద్వారా తల్లి, చెల్లెళ్ల ఆచూకీ తెలిసింది. పాకిస్తాన్‌లోని పెషావర్ నుంచి పంపేస్తే అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్ చేరారట. రోజూ రాత్రి ఫోన్. కోటు తగిలించుకుని పెరట్లోకి పోయి, చలిలో గంటసేపు మాట్లాడతాడు. షాపులో పార్ట్‌టైమ్ చేసి సంపాదించిందంతా అక్కడికే. వద్దని చెప్పొచ్చా?

జవాబు: చెప్పొద్దమ్మా. వాడి కష్టార్జితం, వాడి తల్లి. దుబాయ్ వెళ్లిన కొడుకు ఇంటికి పైసా పంపకపోతే మనవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. అఫ్గానిస్తాన్‌లో ఆరో తరగతి దాటితే ఆడపిల్లకి బడి లేదు, ఆడవాళ్లకి చాలా ఉద్యోగాలు నిషేధం. పెద్దకొడుకు కాక ఆ ఇంటికి దిక్కెవరు? ఎవరి చేతికో ఇవ్వకుండా లైసెన్సున్న కంపెనీ ద్వారా పంపమనండి, చాలు.

నన్ను కలవరపెట్టింది ఆ కోటు. సొంత ఇంట్లో కూర్చుని అమ్మతో మాట్లాడలేకపోతున్నాడు పిల్లాడు. మాట్లాడేది పష్తో, మీకెలాగూ అర్థం కాదు. అంటే వాడు దాస్తున్నది మాటలు కాదు, ఫోన్ మోగగానే మారిపోయే మీ మొహాన్ని తప్పించుకుంటున్నాడు. కోపం తెచ్చుకోకండి. నాలుగేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు, బాధ ఉంటుంది. కానీ ఆ బాధ మోయాల్సింది మీరు, వాడు కాదు. ఒంటరిగా వచ్చిన శరణార్థి పిల్లలకి తల్లిని పిలిపించుకునే హక్కు బ్రిటన్ నిబంధనల్లో లేదు. వాడికి మిగిలింది ఆ గంటే.

ఇంత రాశారు గానీ, వాడి తల్లితో ఒక్కసారైనా మాట్లాడినట్టు రాయలేదు! ఏడాదైంది. మన ఇళ్లలో కోడలి పుట్టింటివాళ్లని ఏడాదిపాటు పలకరించకపోతే ఊరుకుంటారా?

వాడు వెళ్లిపోతాడని భయమా? ఇంగ్లండ్‌లో ‘స్టేయింగ్ పుట్’ అనే ఏర్పాటు కింద ఇరవై ఒకటి వచ్చేదాకా మీ దగ్గరే ఉండొచ్చు. ఉంటావా అని మీ నోటితో అడగండి.

ఈ రాత్రి ఫోన్ రాగానే "లోపలే కూర్చో నాన్నా, నన్ను కూడా చూపించు" అనండి. సలాం చెప్పి, చిన్నప్పుడు ఏం ఇష్టంగా తినేవాడో అడగండి. వాడే తర్జుమా చేస్తాడు. తర్వాత మీ ఫోన్లోని పాత ఫొటోలు ఆవిడకి పంపించండి. కొడుక్కి నూనూగు మీసాలొచ్చిన ఏడాది ఆవిడ చూడలేదు.