ఇంగ్లండ్‌లో మూడేళ్ళు, స్కాట్లాండ్‌లో నాలుగేళ్ళు: ఏ బీఏ మేలు?

కుటుంబంతో కొత్తగా ఇంగ్లండ్ వచ్చిన ఒకావిడ మొన్న అడిగారు: "మా అబ్బాయికి హిస్టరీ అంటే ప్రాణమండీ. ఇక్కడ బీఏ మూడేళ్ళేనట, స్కాట్లాండ్‌లో నాలుగేళ్ళట. అక్కడికి పంపితే ఒక ఏడాది దండగే కదా?"

ఏళ్ళ లెక్క తర్వాత చూద్దాం. చదవబోయే సబ్జెక్టు ఇదీ అని మీవాడు ఎప్పటికల్లా తేల్చుకోవాలి? ముందు అది కనుక్కోండి. దేశానికో రకంగా ఉండే ఈ ఆర్ట్స్ డిగ్రీల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా అక్కడే ఉంది.

ఇంగ్లండ్‌లో పిల్లలు పదహారేళ్ళు దాటగానే మామూలుగా మూడు ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) సబ్జెక్టులకు పరిమితమైపోతారు. యూకాస్ దరఖాస్తులో (యూనివర్సిటీలన్నిటికీ కలిపి పెట్టే దరఖాస్తు అది) హిస్టరీ అని పెడితే, చేరిన మొదటి వారం నుంచీ చదివేది దాదాపు హిస్టరీయే. మధ్యలో ఎకనామిక్స్ మీదికి మనసు మళ్ళితే మారడం తేలిక కాదు, కొన్నిచోట్ల మళ్ళీ మొదటి ఏడాదిలో చేరాల్సి వస్తుంది. స్కాట్లాండ్ పిల్లలు హయ్యర్స్‌లో, అంటే అక్కడి స్కూలు చివరి పరీక్షల్లో, ఎక్కువ సబ్జెక్టులు చదువుతారు, పదిహేడేళ్ళకే యూనివర్సిటీకి వచ్చేవాళ్ళూ ఉంటారు. అందుకే అక్కడ మొదటి రెండేళ్ళు హిస్టరీతో పాటు వేరే సబ్జెక్టులు కూడా చదవనిస్తారు. ఎంచుకున్న సబ్జెక్టును లోతుగా చదివే ఆనర్స్ చదువు మూడో ఏడాదిలో మొదలవుతుంది. ఆ అదనపు ఏడాది వచ్చింది ఇందుకే. మా అమ్మాయి ఫిలాసఫీ అని చేరి, పక్క సబ్జెక్టుగా తీసుకున్న లింగ్విస్టిక్స్‌లో డిగ్రీ పూర్తి చేసింది. ఇంగ్లండ్‌లో చేరి ఉంటే తనకు ఏం నచ్చుతుందో తెలిసేదే కాదని ఇప్పటికీ అంటుంది.

అయితే డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. స్కాట్లాండ్‌లో స్థిరపడి, అర్హత ఉన్న పిల్లలకు ట్యూషన్ ఫీజు అక్కడి ప్రభుత్వమే కడుతుంది. ఇంగ్లండ్ నుంచి వెళ్ళేవాళ్ళు మామూలుగా నాలుగేళ్ళూ కట్టాలి. మీ వీసాను బట్టీ, ఎన్నేళ్ళుగా ఉంటున్నారన్నదాన్ని బట్టీ లెక్క మారుతుంది కనుక ముందే కనుక్కోండి. ఏ-లెవెల్స్‌లో మంచి గ్రేడ్లు వస్తే కొన్ని కోర్సుల్లో నేరుగా రెండో ఏడాదిలోనే చేర్చుకుంటారు, అదీ అడగండి.

ఇక పేర్లు. ఎడిన్‌బరో, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్, అబర్డీన్ లాంటి పాత యూనివర్సిటీల్లో ఆర్ట్స్‌లో మొదటి డిగ్రీ పేరే ఎంఏ ఆనర్స్. అది పీజీ కాదు. మా అమ్మాయి యూరప్‌లో పై చదువుకు దరఖాస్తు పెడుతూ 'మాస్టర్స్ ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టేసింది. ఆ పొరపాటు సర్దేలోపు గడువు దాటిపోయి ఒక ఏడాది ఆగాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరమూ ఆ తేడా గమనించలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పద్ధతి మరొకటి. అక్కడ బీఏ చేసినవాళ్ళు కొన్నేళ్ళు గడిచాక ఏ పరీక్షా రాయకుండానే ఎంఏ పట్టా తీసుకోవచ్చు. పైగా ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ మూడేళ్ళు చదివినా ఇచ్చేది బీఏయే. కాబట్టి బీఏ అని వినగానే సైన్స్ రాదేమో అనుకోకండి. అమెరికాలోనూ అంతే, హార్వర్డ్ ఇచ్చే ఏబీ అన్నది లాటిన్ వరుసలో రాసిన బీఏయే.

అమెరికాలో సాధారణంగా నాలుగేళ్ళు, 120 క్రెడిట్లు (ఎంత చదివారో లెక్కించే యూనిట్లు). మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏదో రెండో ఏడాది చివరికి తేల్చుకుంటే చాలు. హిస్టరీ విద్యార్థి కూడా గణితం, సైన్స్, ఒక విదేశీ భాష ఎంతోకొంత చదవాల్సి రావచ్చు.

ఎక్కువ మందిని తికమకపెట్టేది ఆనర్స్ అన్న మాట. ఇంగ్లండ్‌లో బీఏలు చాలావరకు ఆనర్స్‌వే. అక్కడ 70, ఆపైన వస్తే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 వరకు దాని తర్వాతి శ్రేణి అయిన టూ-వన్. 65 వచ్చిందని పిల్లల్ని కోప్పడొద్దు, అది చాలా మంచి మార్కు! ఆస్ట్రేలియాలో మామూలు బీఏ మూడేళ్ళు, దాని తర్వాత థీసిస్‌తో విడిగా చేసే నాలుగో ఏడాదే ఆనర్స్. కెనడాలో ఆనర్స్ మామూలుగా నాలుగేళ్ళ డిగ్రీ, కొన్ని యూనివర్సిటీలు 90 క్రెడిట్ల మూడేళ్ళ బీఏ కూడా ఇస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి బీఏ ఆనర్స్ అంటే ఒకే సబ్జెక్టును లోతుగా చదివిన మూడేళ్ళ డిగ్రీ. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత నాలుగో ఏడాది పూర్తిచేస్తే ఆనర్స్ అంటున్నారు. మాట ఒకటే, దాని వెనక చదువు నాలుగు రకాలు.

ఇండియాలో మూడేళ్ళ బీఏ చేసి వచ్చినవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు మూడేళ్ళ డిగ్రీ మామూలుగా అడ్డు కాదు, మార్కులు చూస్తారు. అమెరికాలో మాత్రం కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ళ చదువు కావాలంటాయి, కొన్ని మూడేళ్ళదీ ఒప్పుకుంటాయి. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మార్కుల లిస్టులతో పాటు మూడేళ్ళ సిలబస్ కాపీలు కూడా కాలేజీ ముద్ర వేయించి దగ్గర పెట్టుకోండి. ఏ పేపర్లో ఏం చదివారో చూపించమని అడిగినప్పుడు అవే పనికొస్తాయి.

ఆ అబ్బాయి విషయానికి వస్తే, హిస్టరీ తప్ప ఇంకేదీ వద్దని వాడికి గట్టిగా ఉంటే ఇంగ్లండే మేలు, ఒక ఏడాది ఖర్చూ తగ్గుతుంది. ఎకనామిక్సో, ఒక భాషో కూడా లాగుతుంటే స్కాట్లాండ్‌కు ఒక్కసారి ఓపెన్ డేకి (చేరాలనుకునేవాళ్ళకు యూనివర్సిటీ చూపించే రోజు) తీసుకెళ్ళండి. రెండేళ్ళ తర్వాత సబ్జెక్టు మార్చుకోవాలంటే ఏం చేయాలో అక్కడి టీచర్లను వాణ్నే అడగనివ్వండి.