పోలో జీటీ కోసం ఆగాలా? అడ్డున్నది బెత్తెడు పొడవు

ఫోక్స్‌వ్యాగన్ చిన్న కారు పోలో జీటీ మళ్లీ వస్తోందట, ఒక ఏడాది ఆగాలా, సెకండ్ హ్యాండ్‌ది చూసుకోవాలా అని అడిగారు. ఆగకండి. ఇదే మాట నమ్మి నా బండి పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది 2015 జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. బెంగళూరు మారతహళ్లి నుంచి అనంతపురంలోని మా ఇంటికి నెలకోసారి అందులోనే వెళ్లేవాళ్లం. కోడికొండ చెక్‌పోస్టు దాటాక ముందు లారీ అడ్డం వస్తే, యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే చాలు, సీటు వీపును నెట్టేది. లారీ దాటగానే మళ్లీ బుద్ధిగా పోయేది. పక్కన అమ్మకు నిద్ర కూడా చెదిరేది కాదు. అలాంటి చిన్న కారు మళ్లీ రావాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది.

2023లో ఒక బ్రోకర్ నాకు ఫోన్‌లో ఫోటో చూపించాడు. టెస్టింగ్‌కు తిప్పే కార్లలా ఒళ్లంతా నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టిన కారు. "కొత్త పోలో దసరాకి దిగుతోంది సార్, అదొస్తే పాతవాటిని అడిగేవాడుండడు" అన్నాడు. టెన్షన్ పడి 4 లక్షల 60 వేలకు ఇచ్చేశాను. రెండు నెలలకు అదే కారు ఆన్‌లైన్‌లో 6 లక్షల 20 వేలకు కనిపించింది. ఎడమవైపు వెనక డోర్ మీద మా పాప జామెట్రీ బాక్సులోని కంపాస్‌తో గీసిన 'అ' అలాగే ఉంది. ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఆ దసరా వెళ్లిపోయింది, ఆ తర్వాత రెండు దసరాలూ వెళ్లిపోయాయి.

అసలు అడ్డు ఎక్కడుందో అప్పుడు గానీ కూర్చుని చదవలేదు. 2022లో ఇక్కడ ఆపేసిన పాత పోలో పొడవు 3,971 మిల్లీమీటర్లు. బయటి దేశాల్లో నడుస్తున్న పెట్రోల్ పోలోది 4,074. మన దగ్గర పొడవు 4,000 దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ లోపుంటేనే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి దానికి జీఎస్‌టీ 18 శాతం, దాటితే 40. అంటే పన్నుకు ముందు 10 లక్షలుండే కారు మొదటి లెక్కలో 11 లక్షల 80 వేలు, రెండో లెక్కలో 14 లక్షలు. ఆ బెత్తెడు పొడవుకు 2 లక్షల 20 వేలు! మన కోసం బంపర్లు మార్చి, కారును కుదించి, ఇక్కడే తయారు చేయకపోతే ఆ ధరకు ఎవరు కొంటారు?

అదే కంపెనీ స్పోర్ట్స్ కారు గోల్ఫ్ జీటీఐ వచ్చింది కదా అంటారు కొందరు. నిజమే, 2025లో వచ్చింది, పూర్తిగా దిగుమతి, దాదాపు 53 లక్షలు. 2016లో మూడు డోర్ల పోలో జీటీఐ కూడా అలాగే 99 మాత్రమే తెచ్చారు, ఒక్కొక్కటి 26 లక్షలు. మీరూ నేనూ ఎదురుచూస్తున్న పోలో అది కాదు.

ఈ మధ్య పుకారు ఎక్కువవడానికి ఇంకో కారణం ఉంది. 2025 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ తన కొత్త ఎలక్ట్రిక్ చిన్న కారుకు ఐడీ పోలో అని పేరు పెట్టింది. అది యూరప్ కోసం. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి 'ఐడీ' ఊడిపోయి 'పోలో వస్తోంది' మిగిలింది. అందుకే ఇప్పుడు ఏ ఫోటో వచ్చినా నేను రెండే అడుగుతాను. పొడవెంత? తయారయ్యేది ఎక్కడ?

నేనైతే ఆగలేక 2021 మోడల్ 1.0 టీఎస్‌ఐ, ఆరు గేర్ల మాన్యువల్ తీసుకున్నాను. 110 పీఎస్, మూడు సిలిండర్లు. స్టార్ట్ చేసినప్పుడు కొంచెం గరగరమన్నా, పెనుకొండ దగ్గర ఎత్తులో పాతదానికి ఏమాత్రం తీసిపోదు.

మీరు 1.2 డీఎస్‌జీ చూస్తుంటే ఖాళీ రోడ్డు మీద నడిపి మురిసిపోకండి. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అరగంట పాకించండి. మొదటి, రెండో గేర్ల మధ్య వణికితే వదిలేయండి. ఏపీ బండి చౌకగా వస్తోందని తొందరపడొద్దు. ఏడాది దాటి ఇక్కడే తిప్పితే కర్ణాటక రోడ్ ట్యాక్స్ కట్టాలి, అది కలిపాకే బేరమాడండి.